హిమాలయాల్లో అడవి పట్టు మాత్: ఫోటో తీసిన క్షణం నుంచి జాతి పేరు తేలేదాకా

వానాకాలం మొదలయ్యాక ఉత్తరాఖండ్ కొండల్లో ఏ హోమ్‌స్టేలోనైనా వరండా లైటు రాత్రంతా వెలుగుతూ ఉంటే, గోడ మీద అరచేయంత గోధుమరంగు మాత్ వాలే అవకాశం బాగా ఉంటుంది. నాలుగు రెక్కల మీదా నాలుగు కన్నుమచ్చలు, వాటి మధ్యలో పారదర్శకమైన చుక్క. ఫోటో తీసి యాప్‌లో పెడితే వెంటనే ఒక పేరొస్తుంది. ఆ పేరులో మొదటి సగం, అంటే ప్రజాతి, చాలావరకు సరిపోతుంది. జాతి దగ్గరే లెక్క తప్పుతుంది. ఎందుకంటే యాప్ ప్రధానంగా చూసేది రంగునూ మొత్తం ఆకారాన్నీ. ఈ మాత్‌లలో, ముఖ్యంగా ఆంథరియా ప్రజాతిలో, రంగు అసలు నమ్మదగిన గుర్తు కాదు. ఒకే జాతిలో బూడిదరంగు, ఇటుకరంగు, పసుపు కలిసిన గోధుమరంగు అన్నీ ఉంటాయి. ఆడదానికీ మగదానికీ కూడా తేడా ఉంటుంది.

పేరు తేల్చేవి వేరే ఉన్నాయి. ఏ చోటు, ఎంత ఎత్తు, ఏ నెల, పక్కన ఏ చెట్టు, కన్నుమచ్చలో కిటికీ (మధ్యలో ఉండే ఆ పారదర్శకమైన చుక్క) ఏ ఆకారంలో ఉంది, పట్టుగూడు ఎలా కట్టింది. వీటిని ముందు రాసుకుని, రంగును చివర చూడాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ వరుసలోనే నడుస్తుంది. ఎక్కువసేపు ఆగేది మాత్రం ఓక్ చెట్ల మీద బతికే ఆంథరియా రాయ్లీ దగ్గర. మధ్య ఎత్తుల్లో దొరికే అడవి పట్టు మాత్‌లలో అంత తికమక పెట్టేది, అంత శ్రద్ధగా చూడదగ్గదీ ఇదే.

తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం, ఒక చిక్కు రెండూ ఉన్నాయి. చెన్నూరు, మహదేవపూర్ వైపు మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంపకం చూసినవాళ్లకు ఈ రూపం కొత్త కాదు. దసలి ఇచ్చేది ఆంథరియా మైలిట్టా, రాయ్లీకి దగ్గరి చుట్టమే. చిక్కు ఏమిటంటే, ఆ పరిచయంతో హిమాలయాల్లో కనిపించిన ప్రతి గోధుమరంగు మాత్‌నూ దసలి అనేస్తాం. మైలిట్టా ప్రధానంగా మధ్య భారతం, దక్కన్ అడవులది. రెండు వేల మీటర్ల ఎత్తున ఓక్ అడవిలో దాన్ని ఊహించకూడదు.

మొదటి పని: మాత్‌ను చూడకముందే రాసుకోవలసినవి

నోట్‌బుక్‌లో అయిదు వరుసలు చాలు.

చోటు: ఊరి పేరు, జిల్లా, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు. "కేదార్‌నాథ్ దారిలో" అని రాస్తే పనికిరాదు. ఆ దారిలో ఎత్తు వేల మీటర్లు మారుతుంది.

ఎత్తు: మీటర్లలో. లోయల్లో ఫోన్ చూపించే ఎత్తు అటూ ఇటూ పోతుంటుంది కాబట్టి, అక్షాంశ రేఖాంశాలను మ్యాప్ మీద పెట్టి మరోసారి సరిచూసుకోండి.

తేదీ, గంట: రాత్రి ఎన్నింటికి వాలిందో కూడా రాయాలి. ఈ కుటుంబంలో ఒక్కో జాతి మగవి ఒక్కో వేళ ఎగురుతాయి. ఉదయం గోడ మీద చూసినదైతే "ఉదయం కనిపించింది" అనే రాయండి, రాత్రి వేళను ఊహించి రాయొద్దు.

చెట్లు: చుట్టూ వంద మీటర్లలో ఎక్కువగా ఉన్న రెండు మూడు రకాలు. పేరు తెలియకపోతే ఆకు పైభాగం, అడుగుభాగం ఫోటో తీయండి. అడుగుభాగం ఫోటో ఎందుకో కింద తెలుస్తుంది.

పెంపకం: దగ్గరలో ఓక్ టసర్, ఎరి, ముగా పట్టు పెంచేవాళ్లు ఉన్నారా అని ఊళ్లో అడగండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పెంపకం నుంచి తప్పించుకున్న మాత్‌ను అడవి జాతిగా నమోదు చేస్తే ఆ రికార్డు మొత్తం చెడిపోతుంది.

రెండో పని: లైటు, తెర

వరండా లైటుకు వచ్చినదాన్ని చూడడం ఒక పద్ధతి. సొంతంగా తెర కట్టడం మెరుగైనది. సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న తెల్లటి నూలు దుప్పటి చాలు. నున్నటి పాలిస్టర్ మీద కాళ్లు పట్టు దొరక్క మాత్‌లు జారిపడతాయి. రెండు చెట్ల మధ్య తాడు కట్టి, దుప్పటి కింది అంచును మరో అర మీటరు నేల మీద పరవండి. పెద్ద మాత్‌లు తెరను ఢీకొని కిందపడి గడ్డిలో కొట్టుకుంటుంటాయి, చూడకుండా అడుగేస్తే నలిగిపోతాయి. అరగంటకోసారి టార్చి వేసి చుట్టూ పది మీటర్ల మేర గడ్డి వెతకండి. కొన్ని మాత్‌లు తెర మీదికి రాకుండా అక్కడే ఆగిపోతాయి.

బల్బు విషయంలో మన దేశంలో ఎక్కువమంది వాడేది 160 వాట్ల మెర్క్యురీ వేపర్ బల్బు. చోక్ అక్కర్లేదు, మామూలు హోల్డర్‌కే పెట్టవచ్చు, కాకపోతే పెద్ద పరిమాణం హోల్డర్ అడిగితే అది విడిగా కొనాలి. దీనితో మూడు ఇబ్బందులు వస్తాయి. కరెంటు పోయి వస్తే వెంటనే వెలగదు, గాజు చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. వేడెక్కిన గాజు మీద వానచినుకు పడితే పగిలిపోతుంది, కాబట్టి పైన రేకు మూతో, వెడల్పాటి గిన్నో కట్టాలి. సోలార్, చిన్న ఇన్వర్టర్ మీద నడిచే హోమ్‌స్టేల్లో ఇది లాగే కరెంటు భారమవుతుంది. అలాంటి చోట పవర్ బ్యాంకుతో నడిచే అల్ట్రావయొలెట్ ఎల్ఈడీ మంచిది. ఏది వాడినా బల్బు వంక నేరుగా చూడకండి, అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి.

అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులు, మబ్బు పట్టి, గాలి లేకుండా, కాస్త ఉక్కగా ఉన్న రాత్రి అయితే బాగా వస్తాయి. వెన్నెల, చలిగాలి రెండూ కలిస్తే తెర ఖాళీగా ఉంటుంది. దట్టమైన అడవి లోపల కట్టేకంటే, లోయ వైపు తెరిచి ఉన్న వాలు మీద కడితే వెలుగు దూరం పోతుంది. పట్టు మాత్‌ల కోసమైతే తొమ్మిదింటికే నిరాశపడి సర్దేయొద్దు. పదింటి నుంచి తెల్లవారుజామున రెండు, మూడు దాకా ఇవి వస్తూనే ఉంటాయి.

తెల్లవారకముందే లైటు ఆపి, తెర మీదున్నవాటిని పుల్ల మీదికి ఎక్కించుకుని పొదల లోపలికి చేర్చండి. వదిలేస్తే తెల్లారగానే పక్షులు వచ్చి వరసగా తినేస్తాయి. ఈ మాత్‌లకు పనిచేసే నోరు ఉండదు. గొంగళి పురుగుగా దాచుకున్న కొవ్వుతోనే వారం, పది రోజులు బతుకుతాయి. ఆ కొద్ది రోజుల్లో ఒక రాత్రంతా మన లైటు చుట్టూ తిరగడమే వాటికి పెద్ద నష్టం. అందుకే వరుసగా ప్రతి రాత్రీ ఒకే చోట తెర కట్టకూడదు.

మూడో పని: తీయాల్సిన ఫోటోలు

ఒక్క అందమైన ఫోటో కంటే అందం లేని అయిదు ఫోటోలు ఎక్కువ పనికొస్తాయి. పైనుంచి నిటారుగా, నాలుగు రెక్కలూ కనిపించేలా ఒకటి. పక్కనుంచి శరీరం, కాళ్లు. తల, మీసాలు దగ్గరగా. రెక్కల అడుగుభాగం. చివరగా పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఒకటి.

స్కేలు ఫోటోలో కొలవాల్సింది ముందు రెక్క పొడవు: భుజం దగ్గర రెక్క మొదలయ్యే చోటు నుంచి కొస దాకా. పుస్తకాల్లో కనిపించే రెక్కల వెడల్పు, చచ్చిన మాత్‌ను బోర్డు మీద రెక్కలు సాగదీసి కొలిచినది. సహజంగా కూర్చున్న మాత్‌లో ఆ కొలత తక్కువ వస్తుంది. "పుస్తకంలో 15 సెంటీమీటర్లు అని ఉంది, ఇది 12 మాత్రమే, కాబట్టి వేరే జాతి" అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

రెక్కలు చేత్తో పట్టుకోవద్దు. పొలుసులు రాలితే గీతలు చెరిగిపోతాయి, అవే మనకు కావాల్సినవి. అడుగుభాగం కావాలంటే మాత్‌ను పుల్ల మీదికి ఎక్కించి పుల్లనే తిప్పండి. కిటికీ గాజుకు వాలినదైతే మరీ మంచిది, అవతలి వైపు నుంచి తీస్తే సరిపోతుంది.

నాలుగో పని: ఇది పట్టు మాతేనా

సాటర్నిడే, అంటే అడవి పట్టు మాత్‌ల కుటుంబానికి చెందినదని తేల్చుకోవడానికి మీసాలు, నోరు, కన్నుమచ్చ ఈ వరుసలో చూడండి. మగవాటికి ఈకల్లా రెండు వైపులా విచ్చుకున్న వెడల్పాటి మీసాలుంటాయి, ఆడవాటికి సన్నగా ఉంటాయి. చుట్టుకుని ఉండే పొడవాటి తొండం ఉండదు. శరీరం బొద్దుగా, నూగుతో కప్పి ఉంటుంది.

మోసపుచ్చేవి కొన్ని ఉన్నాయి. బ్రాహ్మియా వాలికీ చాలా పెద్దది, హిమాలయాల్లో తరచుగా వస్తుంది, పెద్ద కన్నుమచ్చ కూడా ఉంటుంది. కానీ దాని రెక్కల నిండా దగ్గరదగ్గరగా అలల గీతలుంటాయి, పారదర్శకమైన కిటికీ ఎక్కడా ఉండదు, తొండం బాగా ఎదిగి ఉంటుంది. ఎరెబస్ జాతులు ముదురు రంగులో, ముందు రెక్క మీద మాత్రమే చుట్టలాంటి కన్నుతో, రెక్కలు గోడకు చదునుగా అంటించుకుని కూర్చుంటాయి. వాటికీ తొండం ఉంటుంది. లిస్సా జాంపాకు తోకలున్నాయి గానీ అది గోధుమరంగుది, అడ్డంగా తెల్లపట్టీ ఉంటుంది.

ఇంకొకటి వేరుగా చెప్పాలి. పశ్చిమ హిమాలయాల్లో అడవి మల్బరీ మీద బతికే బాంబిక్స్ హట్టోనీ నిజంగానే పట్టుపురుగు, మనం పెంచుకునే మల్బరీ పట్టుపురుగుకు దగ్గరి బంధువు. కానీ అది సాటర్నిడే కాదు. చిన్నది, కన్నుమచ్చలు లేవు, ముందు రెక్క కొస కొక్కెంలా వంగి దాని దగ్గర ముదురు మచ్చ ఉంటుంది. దానికి కింది కిటికీ పరీక్ష వర్తించదు.

అయిదో పని: కిటికీ పరీక్ష

ప్రజాతిని పట్టుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. మాత్ తెర మీదుండగా తెర వెనక్కి వెళ్లి టార్చి వేయండి. కన్నుమచ్చ మధ్యలో పొలుసులు లేని చోట వెలుగు నేరుగా ఇవతలికి వస్తుంది. పగలైతే ఫోటోను పెద్దది చేసి చూడండి: కిటికీ లోంచి గోడ గరుకుతనమో, దుప్పటి నేతపోగులో కనిపించాలి. రంగు తెల్లగా ఉండడం వేరు, పారదర్శకంగా ఉండడం వేరు. తెల్లటి పొలుసులున్న మచ్చను కిటికీ అనుకుంటే దారి మొదట్లోనే తప్పుతుంది.

కిటికీ మూడు మూలలుగా, పెద్దదిగా ఉండి, మాత్ రెండు అరచేతులంత ఉంటే అది అట్టాకస్ అట్లాస్. ముందు రెక్క కొస పాము తలను తలపిస్తుంది. ఇది పాదపర్వతాల నుంచి తూర్పు కొండల దాకా వెచ్చని, తడిగా ఉండే చోట్లది. తూర్పు హిమాలయాల్లో దాని పోలికే ఉండి రెక్కలు ముదురు చాక్లెట్ రంగులో, కొసలు పసుపుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆర్కియోఅట్టాకస్ ఎడ్వర్డ్సీని పరిశీలించాలి.

కిటికీ నెలవంకలా సన్నగా, నాలుగు రెక్కల మీదా ఉండి, ముందు రెక్క కొస దగ్గర చిన్న నల్లటి కన్ను ఉంటే సామియా. హిమాలయాల్లో అడవిది సామియా కానింగై. ఎరి పట్టు ఇచ్చే పెంపుడు సామియా రిసినీ దీని నుంచే వచ్చిందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. పెంపుడువి మొత్తంగా తెల్లబారి ఉంటాయి. ఆముదపు ఆకు మీద ఎరి పెంచే ఊళ్ల దగ్గర తెల్లబారినది దొరికితే అడవి రికార్డుగా రాయకండి.

కన్నుమచ్చలు లేకుండా, ముందు రెక్క మీద వరసగా చిన్న కిటికీలు ఉన్న ఇటుకరంగు చిన్న మాత్ క్రికులా. క్రికులా ట్రైఫెనెస్ట్రాటా అనే జాతి ఆడదానిలో మూడు కిటికీలు స్పష్టంగా ఉంటాయి, మగదానిలో చుక్కలుగా కుంచించుకుపోతాయి. అది కట్టే బంగారురంగు జాలీ గూడు మామిడి చెట్టు మీద గుంపులుగా కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

పసుపు రెక్కలు, ఎర్రటి కన్నుమచ్చలు, కిటికీ లేదు: లోయెపా. ఇక్కడ ప్రజాతి దగ్గరే ఆగిపోవాలి. కాటింకా, సిక్కిమా, మిరాండా అంటూ పేర్లు చాలా ఉన్నాయి. ఇటీవల వేరుచేసిన జాతులూ ఉన్నాయి. వాటిని జననాంగాల నిర్మాణం చూసి విడదీస్తారు. పసుపురంగు మాత్‌కల్లా కాటింకా అని పేరు పెట్టడం ఆన్‌లైన్‌లో మామూలైపోయింది, దాంతో ఆ పేరు మీదున్న ఫోటోలను పోల్చి చూడడం కూడా ప్రమాదమే.

వెనుక రెక్క కన్ను పెద్దది, కిటికీ సన్నటి చీలికలా మాత్రమే ఉంది, అంచుల దగ్గర వంకర గీతలున్నాయి అంటే సాటర్నియా వర్గం. ఒకే జాతి ఒక పుస్తకంలో సాటర్నియాగా, మరో చోట కాలిగులాగా, ఇంకో చోట రినాకాగా కనిపిస్తుంది. తిబెటా, సిమ్లా, జులైకా లాంటి రెండో పేరు పట్టుకుని వెతకండి, మొదటి పేరు మారినా అది దొరుకుతుంది.

గుండ్రటి కన్నుమచ్చలు నాలుగు రెక్కల మీదా దాదాపు ఒకే తీరున ఉండి, మధ్యలో గుండ్రటి కిటికీ ఉంటే, ముందు రెక్క కొస బయటికి వంపు తిరిగి ఉంటే ఆంథరియా. మగదానిలో ఆ వంపు ఇంకా ఎక్కువ.

చందమామ మాత్ గురించి కొంచెం

లేతాకుపచ్చ రెక్కలు, పొడవాటి తోకలు, తెల్లటి నూగు శరీరం, ముందు రెక్క పై అంచున ద్రాక్షరంగు పట్టీ ఉంటే ఆక్టియాస్. పశ్చిమ హిమాలయాల్లో మీరు చూసేది దాదాపు ఖాయంగా ఆక్టియాస్ సెలీన్. ఇది తూర్పు కనుమల్లోనూ ఉంది కాబట్టి కొందరు తెలుగు పాఠకులు ఇంటి దగ్గరే చూసి ఉంటారు.

సిక్కిం, అరుణాచల్ వైపు వెళ్తే అంత ధీమా పనికిరాదు. అక్కడ ఆక్టియాస్ మేనాస్ కూడా ఉంది. మేనాస్ మగది పసుపురంగులో, ఎర్రటి గోధుమ మచ్చలతో, బాగా పొడవైన సన్నటి తోకలతో ఉంటుంది కాబట్టి తేలిక. ఆడది లేతాకుపచ్చగా ఉండి సెలీన్‌ను తలపిస్తుంది, అక్కడ జాగ్రత్త కావాలి. తోకలు తెగిపోయిన పాత మాత్ అయితే అంచు పట్టీ, కన్నుమచ్చ మాత్రమే దిక్కు.

సెలీన్ గొంగళి పురుగు దొరికితే ఇంకా మంచిది. మొదట ఎర్రగా, నడుమున నల్లటి పట్టీతో ఉంటుంది. తర్వాత పూర్తిగా ఎర్రబడి, పెరిగే కొద్దీ ఆకుపచ్చగా మారి పసుపు, నారింజరంగు బొడిపెలు తేలతాయి. వాల్‌నట్ చెట్టు మీద వెతకవచ్చు.

ఆరో పని: ఆంథరియా అయితే జాతి దాకా

అసలు కష్టం ఇక్కడుంది. హిమాలయ శ్రేణిలో పరిశీలించాల్సినవి ముఖ్యంగా రాయ్లీ, ఫ్రితి, అస్సామెన్సిస్. తూర్పు చివర హెల్ఫెరీ, కాంప్టా లాంటివి కూడా చేరతాయి.

మొదట ఎత్తు, చెట్టు చూడండి. వెయ్యి మీటర్లకు లోపు, సాల వృక్షాల అడవి అంచున ఉన్నారంటే ఫ్రితిని ముందు అనుకోవాలి. సుమారు 1,200 నుంచి 2,400 మీటర్ల దాకా ఉండే బాంజ్ ఓక్ అడవిలో, ఇంకా పైన మోరు, ఖర్సు ఓక్‌ల మధ్య ఉన్నారంటే రాయ్లీని. అస్సాం, మేఘాలయ వైపు సోమ్, సోవాలు చెట్లున్న తక్కువ ఎత్తులో ముగా పట్టు ఇచ్చే అస్సామెన్సిస్‌ను.

ఓక్‌ను గుర్తుపట్టడానికి ఆకు అడుగుభాగమే ఆధారం. బాంజ్ ఆకు అడుగున బూడిద కలిసిన తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది, గాలికి ఆకులు తిరగబడినప్పుడు చెట్టంతా వెండిరంగులో కనిపిస్తుంది. మోరు ఆకు రెండు వైపులా నున్నగా ఉంటుంది. ఖర్సు ఆకు అడుగున తుప్పురంగు నూగు, లేత చెట్టు ఆకులకు ముళ్ల అంచు. మణిపూర్‌కు వెళ్తే ఓక్ మారుతుంది. అక్కడ ఓక్ టసర్ పెంపకం ఆకులు రాల్చే క్వెర్కస్ సెర్రాటా మీద సాగుతుంది.

తర్వాత గీతలు. ముందు రెక్క మీద కన్నుమచ్చకు బయటగా అడ్డంగా పోయే గీతను వేలితో అనుసరించినట్టు ఫోటోలో చూడండి. అది నిటారుగా ఉందా, వంకరగా ఉందా? పైన రెక్క కొసకు ఎంత దగ్గరలో అంచును తాకుతోంది? కన్నుమచ్చకూ ఆ గీతకూ మధ్య దూరం, ఆ గీతకూ బయటి అంచుకూ మధ్య దూరం, ఈ రెండింటి నిష్పత్తి ఎంత? ఇవి రెక్క ఎంత పాతబడినా పెద్దగా మారవు. రాయ్లీ సాధారణంగా బూడిద కలిసిన లేత గోధుమరంగులో ఉంటుంది గానీ, ఆ మాట మీద ఆధారపడి పేరు పెట్టొద్దు. గీతల కొలతలు రాసుకుని, చోటూ తేదీ ఉన్న నమ్మకమైన నమూనా ఫోటోలతో, మగదాన్ని మగదానితో, ఆడదాన్ని ఆడదానితో పోల్చండి. మగ ఫ్రితిని ఆడ రాయ్లీతో పోల్చి తేడాలు లెక్కపెట్టడం వృథా.

ఇప్పుడు సంకరం సంగతి. చైనాలో ఓక్ టసర్ ఇచ్చేది ఆంథరియా పెర్నీ. మన శాస్త్రజ్ఞుడు ఎం.ఎస్. జాలీ బృందం 1960ల చివర్లో రాయ్లీని పెర్నీతో కలిపి ఒక సంకరాన్ని తయారుచేసింది. దానికి ఆంథరియా ప్రాయ్లీ అని పేరు. రాయ్లీ గూడు రెండు పొరలుగా ఉండడం వల్ల దారం తీయడం కష్టం, సంకరం గూడు ఆ పనికి బాగా అనువైంది. అందుకే మణిపూర్ నుంచి ఉత్తరాఖండ్, హిమాచల్ దాకా పెంపకానికి ప్రాయ్లీని వాడారు. పెర్నీలో క్రోమోజోములు 49 జతలు, రాయ్లీలో ముప్పై చిల్లర. ఇంత తేడా ఉన్నా అవి కలిసి సంతానం ఇచ్చాయి. రెక్క చూసి రాయ్లీనీ ప్రాయ్లీనీ కచ్చితంగా వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదని అనుకునే ముందుకు సాగాలి. పెంపక కేంద్రం దగ్గరలో ఉంటే "రాయ్లీ లేదా ప్రాయ్లీ" అని రాయడమే సరైన పేరు.

ఏడో పని: గూడు చూడండి

మాత్ ఒక్క రాత్రిది, గూడు నెలల తరబడి చెట్టుకు ఉంటుంది. చలికాలం చివర్లో, ఓక్ కొత్త చిగురు వేయకముందు వెతికితే బాగా దొరుకుతాయి. జాతి తేల్చడంలో రెక్క కంటే ఇది గట్టి సాక్ష్యమని మా అభిప్రాయం.

దసలి కాయను చేతిలోకి తీసుకున్నవాళ్లకు తెలుసు: గట్టి గుడ్డులాంటి కాయ, పైన బలమైన కాడ, ఆ కాడ చివర కొమ్మను చుట్టి పట్టుకున్న ఉంగరం. ముగా గూటికి అలాంటి కాడ ఉండదు, లేత బంగారు గోధుమరంగులో ఆకుల మధ్య ఉంటుంది. రాయ్లీ గూడు ఓక్ ఆకులను దగ్గరకు లాగి కడుతుంది. బయట వదులుగా ఉన్న పొర, లోపల మరో గట్టి గూడు. బయటి పొరను కొద్దిగా నొక్కితే లోపలిది విడిగా కదలడం వేళ్లకు తెలుస్తుంది. అట్టాకస్, సామియా గూళ్లకు ఒక కొసన ముందే వదిలిన దారి ఉంటుంది. ఆంథరియా గూడు పూర్తిగా మూసి ఉంటుంది, బయటికి వచ్చేటప్పుడు మాత్ ఒక ద్రవంతో కొసను మెత్తబరచి పోగులను పక్కకు తోస్తుంది.

కాబట్టి ఖాళీ గూడు కొసన, పోగులు తెగకుండా పక్కకు జరిగిన పెద్ద రంధ్రం ఉంటే మాత్ బయటికి వచ్చిందని అర్థం. చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే లోపల పరాన్నజీవి కందిరీగో ఈగో పెరిగి వచ్చింది. చిరిగిన అంచులుంటే పక్షో ఎలుకో తిన్నది. బరువుగా ఉండి, ఊపితే లోపల కదిలితే ప్యూపా (మాత్‌గా మారబోయే దశ) బతికి ఉండవచ్చు. దాన్ని చెట్టు మీదే వదిలి, గుర్తు పెట్టుకుని రండి.

చట్టం, నమూనా, అప్‌లోడ్

నేషనల్ పార్కు, అభయారణ్యం లోపల అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా మాత్‌నైనా, గూడునైనా, రాలిన రెక్కనైనా తీసుకోవద్దు. 2008లో సింగలీలా నేషనల్ పార్కులో అనుమతి లేకుండా పురుగులు సేకరించిన ఇద్దరు చెక్ దేశస్థులు అరెస్టయ్యారు. డీఎన్ఏ పరీక్షకు ఒక కాలు చాలు, కానీ దానికీ అనుమతి, దాన్ని తీసుకునే ప్రయోగశాల రెండూ ముందే ఉండాలి. ఇవి లేకుండా ఫోటోలతోనే ముందుకు వెళ్లడం మంచిది.

జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లోనో, మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లోనో పెట్టేటప్పుడు అయిదు ఫోటోలూ ఒకే రికార్డుగా పెట్టండి, విడివిడిగా కాదు. ఫోటోకు రంగులు పెంచే ఫిల్టర్లు వేయకండి. వ్యాఖ్యలో ముందు రెక్క పొడవు, మగదా ఆడదా, చెట్టు, లైటు రకం, పెంపక కేంద్రం ఉందో లేదో రాయండి. "కచ్చితత్వం" అడిగే చోట సాక్ష్యం ఎంతవరకు ఉందో అంతవరకే ఎంచుకోండి. లోయెపాకు ప్రజాతి, ఆంథరియాకు గూడో చెట్టో దొరికితే జాతి, లేకపోతే ప్రజాతి. ఎవరైనా వేరే పేరు సూచిస్తే ఏ గుర్తును బట్టి చెప్పారో అడగండి. గీత, కిటికీ, గూడు అని జవాబొస్తే మీ కొలతలతో సరిచూసుకుని పేరు మార్చండి. రంగు అని వస్తే రికార్డును ప్రజాతి దగ్గరే ఉంచి, మళ్లీ అదే చోటికి వెళ్లినప్పుడు ఆ చెట్టు కింద గూడు కోసం వెతకండి.